జిమ్నీకి 25 మి.మీ. స్పేసర్లు వేశాక ముందు టైర్లు రాసుకుంటున్నాయి. ఎక్కడ కోయాలి?

మట్టిరోడ్డు_జిమ్నీ
ఐదు డోర్ల జిమ్నీ, 2023 బండి. కంపెనీ అల్లాయ్‌ల మీదే 235/75 ఆర్15 ఆల్ టెరైన్ టైర్లు వేయించాను. మొదట స్టీరింగ్ పూర్తిగా కొడితే టైర్ లోపలి గోడ వెనకున్న ఇనప ఆర్మ్‌కి తగిలేది. షాపులో నాలుగు చక్రాలకీ, వాటిని పట్టుకునే హబ్‌లకీ మధ్య 25 మి.మీ. మందం స్పేసర్లు వేశారు. ఆర్మ్‌కి తగలడం పోయింది గానీ రెండు కొత్త చప్పుళ్లు మొదలయ్యాయి. ఎడమకి పూర్తిగా కొట్టి పార్కింగ్‌లో మెల్లగా పోతూ బ్రేక్ వేస్తే ఎడమ చక్రం వెనక గరగర. ఘాట్ రోడ్డు మలుపులో గుంట పడితే ముందు బంపర్ మూల దగ్గర టప్‌మని ఒక దెబ్బ. కుడివైపు ఇంత లేదు. బంపర్ కోసేద్దాం అంటున్నారు షాపువాళ్లు. కోయించనా?

ఘాట్‌రోడ్డు_బండి
రెండంగుళాల లిఫ్ట్ వేయించు బ్రో, అన్నీ ఒకేసారి పోతాయి.

టార్క్‌పానా
కోయడం, లిఫ్ట్ రెండూ పక్కన పెట్టి ముందు నాలుగు సంగతులు చెప్పండి. స్పేసర్ బోల్ట్‌తో బిగించే రకమా, స్టడ్‌లకి ఊరికే తొడిగే రకమా? మధ్య బొక్క 108 మి.మీ. ఉందా? స్పేసర్ వేశాక చక్రం ఊడదీసి లోపలి నట్లు మళ్లీ ఎవరైనా బిగించి చూశారా? స్ప్రింగులు కంపెనీవేనా?

మట్టిరోడ్డు_జిమ్నీ
బోల్ట్ రకమే. అల్యూమినియం. మధ్య బొక్క కొలవలేదు. మళ్లీ బిగించలేదు, 400 కి.మీ. తిరిగింది. స్ప్రింగులు కంపెనీవే.

టార్క్‌పానా
400 కి.మీ. తిరిగి ఒక్కసారి కూడా చూడలేదంటే టైర్ రాసుకోవడం రెండో సమస్య. ఇవాళే చక్రాలు తీయండి. బయట కనిపించే నట్లు చక్రాన్ని స్పేసర్‌కి పట్టి ఉంచేవి. స్పేసర్‌ని హబ్‌కి పట్టి ఉంచే ఐదు నట్లు చక్రం వెనక దాక్కుని ఉంటాయి. అవి వదులైనా బయటికి ఏమీ కనపడదు. వంద కి.మీ. వేగం దాటాక సన్నటి వణుకు వస్తుంది, తర్వాత స్టడ్ తెగుతుంది.

పద్ధతి ఇది. స్పేసర్ కూడా ఊడదీసి హబ్ ముఖాన్ని వైర్ బ్రష్‌తో మెరిసేదాకా రుద్దండి. తుప్పు పొర గానీ పెయింట్ గానీ మధ్యలో ఉంటే అది రోజులు గడిచేకొద్దీ నలిగిపోయి నట్టు వదులవుతుంది. స్పేసర్‌ని చేత్తో హబ్ మీద పెడితే ఊగకుండా కూర్చోవాలి. ఊగిందంటే మధ్య బొక్క పెద్దది, అది ఈ బండిది కాదు. జిమ్నీకి 5×139.7, అంటే 139.7 మి.మీ. వలయం మీద ఐదు స్టడ్‌లు, మధ్యలో 108, స్టడ్ ఎం12, పిచ్ 1.25. నక్షత్రం వరసలో ముందు 40, తర్వాత 70, చివరికి 100 న్యూటన్ మీటర్లు. స్పేసర్ నట్లకీ అంతే, చక్రం నట్లకీ అంతే. 50 కి.మీ. తర్వాత ఒకసారి, 200 తర్వాత ఒకసారి చక్రం తీసి లోపలివి చూడాలి. తర్వాత ప్రతి ట్రిప్‌కీ.

ఇంకోటి. హబ్ స్టడ్ స్పేసర్ ముఖం దాటి బయటికి పొడుచుకొస్తోందేమో స్కేల్ అడ్డంగా పెట్టి చూడండి. అర మిల్లీమీటరు పొడుచుకొచ్చినా చక్రం వెనక గుంటలు లేకపోతే అది స్టడ్ మీద కూర్చుంటుంది, స్పేసర్ మీద కాదు. నట్టు బిగిసినట్టే అనిపిస్తుంది, బిగియదు.

సాకెట్19
టార్క్‌పానా గారు చెప్పినదానికి ఒక ముక్క కలుపుతాను. పంక్చర్ షాపులో గాలి గన్‌తో ఎప్పుడూ బిగించనివ్వొద్దు. ఎం12 స్టడ్ మీద గన్ సాగించుకుంటూ పోతే స్టడ్ సాగుతుంది. చేత్తో నట్టు ఎక్కించి టార్క్ రెంచ్‌తో ముగించాలి. స్పేసర్‌తో వచ్చిన నట్ల తల సైజు వేరే ఉంటే ఆ సాకెట్ బండిలోనే ఉంచుకోండి. రాత్రిపూట స్టెప్నీ మార్చేటప్పుడు తెలుస్తుంది దాని విలువ.

వెల్డింగ్‌షెడ్
నట్టు తిరగకుండా పట్టే జిగురు, థ్రెడ్‌లాకర్ నీలం రకం రెండు చుక్కలు వేస్తే సరిపోతుంది, ప్రతిసారీ తీసి చూడక్కర్లేదు.

టార్క్‌పానా
అక్కడే తేడా వస్తుంది. వదులు కావడానికి కారణం నట్టు తిరగడం ఒక్కటే కాదు. రెండు ముఖాల మధ్య పొర నలిగి బిగువు తగ్గుతుంది. నట్టు అంగుళం కూడా తిరగదు, బిగువు మాత్రం పోతుంది. దానికి థ్రెడ్‌లాకర్ ఏం చేయలేదు. తయారీవాళ్లు వాడమంటే వాడండి, అయినా 50 కి.మీ. తర్వాత చూడాల్సిందే. అన్నిటికంటే ముఖ్యం, మరల మీద నూనె, గ్రీజు రాయొద్దు. 100 అన్నది పొడి మరలకి చెప్పిన లెక్క. నూనె రాసి అదే 100 బిగిస్తే స్టడ్ మీద లాగుడు చాలా ఎక్కువ పడుతుంది.

కింగ్‌పిన్
ఇప్పుడు రాసుకోవడం సంగతి. స్పేసర్ రాసుకోవడాన్ని తీసేయదు, చోటు మారుస్తుంది. లోపల ఆర్మ్ దగ్గర ఉన్నదాన్ని బయటికి, ముందుకి, వెనక్కి పంపించింది. ఎంత పంపించిందో లెక్క వేయొచ్చు.

స్టీరింగ్ కొడితే చక్రం తిరిగేది తన మధ్యలో కాదు, కింగ్ పిన్ అనే నిలువు ఇరుసు చుట్టూ. చక్రాన్ని 25 బయటికి జరిపితే ఆ 25 ఒక లీవర్‌లా పనిచేస్తుంది. ఎడమకి 35 డిగ్రీలు తిప్పినప్పుడు ఎడమ చక్రం మొత్తంగా 25 × సైన్ 35, అంటే సుమారు 14 మి.మీ. వెనక్కి పోతుంది. కుడికి తిప్పితే అదే చక్రం ముందుకి పోతుంది, ఆ వైపు కోణం కొంచెం తక్కువ కాబట్టి 12 దాకా. దానికి తోడు టైర్ వ్యాసం. కంపెనీ టైర్ 195/80 ఆర్15 అంటే 693, 235/75 ఆర్15 అంటే 733.5. సగం 20. వెనక మడ్‌ఫ్లాప్ వైపు 20 కి 14 కలిపితే 34 మి.మీ. చోటు పోయింది. బ్రేక్ వేసినప్పుడు ఆర్మ్ రబ్బరు బుష్‌లు నలిగి యాక్సిల్ ఇంకొన్ని మిల్లీమీటర్లు వెనక్కి వస్తుంది. మీకు బ్రేక్ వేసినప్పుడే గరగర రావడానికి కారణం అదే.

వెడల్పు వైపు చూస్తే, టైర్ 40 మి.మీ. వెడల్పయింది, ఒక్కో పక్కకి 20. దానికి 25 కలిపితే బయటి అంచు 45 బయటికి వచ్చింది. బంపర్ మూలకి తగిలేది ఆ అంచే.

రిమ్ముకొలత
కింగ్‌పిన్ గారి లెక్క సరైనదే, ఒక్కచోట సవరించాలి. 235 అన్న వెడల్పు ఆరున్నర అంగుళాల రిమ్ మీద కొలిచింది. జిమ్నీ అల్లాయ్ అయిదున్నర, ఆఫ్‌సెట్ (రిమ్ మధ్య నుంచి హబ్‌కి ఆనే ముఖం ఎంత జరిగి ఉందో ఆ లెక్క) +5. రిమ్ అర అంగుళం తగ్గితే టైర్ సుమారు 5 మి.మీ. సన్నబడుతుంది. అంటే ఈ బండిలో టైర్ 225 దగ్గర ఉంటుంది. బయటికి 40, లోపలివైపు కంపెనీ టైర్ కంటే 10 ఎక్కువ ఖాళీ.

అసలు సమస్య ఇంకోటి ఉంది. 235/75 ఆర్15 కి రిమ్ కనీసం 6 అంగుళాలు ఉండాలి, 6 నుంచి 8 వరకు. అయిదున్నర మీద ఎక్కించడం పరిధి బయటి పని. ట్రెడ్ మధ్యలో గుండ్రంగా ఉబ్బి మధ్య త్వరగా అరుగుతుంది, గాలి తగ్గించి రాళ్ల మీద పోతే టైర్ అంచు రిమ్ మీంచి జారే ప్రమాదం.

మట్టిరోడ్డు_జిమ్నీ
ఇది నాకు ఎవరూ చెప్పలేదు. షాపులో ఎక్కుతుంది అన్నారు.

రిమ్ముకొలత
ఎక్కడం వేరు, కూర్చోవడం వేరు అండీ.

ఘాట్‌రోడ్డు_బండి
లెక్కలన్నీ బాగున్నాయి. లిఫ్ట్ వేస్తే ఫెండర్ పైకి పోతుంది కదా, అప్పుడు తగలదు. ఇంత గణితం దేనికి?

కింగ్‌పిన్
నిలబడి ఉన్న బండిలో తగలదు. గుంట పడినప్పుడు తగులుతుంది. లిఫ్ట్ బండి నిలబడే ఎత్తు మారుస్తుంది, చక్రం ఎంత పైకి వెళ్లగలదో అది మార్చదు. పైకి ఆపేది బంప్ స్టాప్. అది ఉన్నచోటే ఉంటే పూర్తిగా నొక్కుకున్నప్పుడు టైర్ లిఫ్ట్‌కి ముందు ఎక్కడికి వెళ్లేదో ఇప్పుడూ అక్కడికే వెళ్తుంది. కాకపోతే అక్కడిదాకా వెళ్లడం తక్కువసార్లు జరుగుతుంది.

జిమ్నీలో లిఫ్ట్‌కి ఇంకా రెండు ఖర్చులు ఉన్నాయి. ముందు యాక్సిల్‌ని పట్టుకునే ఆర్మ్‌లు కిందికి వాలి క్యాస్టర్, అంటే కింగ్ పిన్ వెనక్కి వాలిన కోణం, తగ్గుతుంది. స్టీరింగ్ తనంతట తాను మధ్యకి రాదు, హైవే మీద బండి ఊగులాడుతుంది. దానికి క్యాస్టర్ బుష్‌లు వేయాలి. రెండోది, యాక్సిల్‌ని పక్కకి జరగకుండా పట్టే పాన్‌హార్డ్ రాడ్ కోణం మారి యాక్సిల్ ఒక పక్కకి జరుగుతుంది. ఒకవైపు టైర్ బయటికి, రెండో వైపు లోపలికి.

మట్టిరోడ్డు_జిమ్నీ
ఆగండి. షాపతన్ని ఇప్పుడే అడిగాను. స్ప్రింగుల మీద బండిని ఎత్తే 40 మి.మీ. పక్‌లు (దిమ్మలు) కూడా పెట్టారట, బిల్లులో ‘కిట్’ అని రాశారు. స్ప్రింగులు కంపెనీవే కాబట్టి నేను అలా చెప్పాను, క్షమించండి. ఎడమ టైర్ ఎక్కువ బయటికి ఉంది అనిపించింది, ఇందుకేనా?

టార్క్‌పానా
ఇప్పుడు కథ సరిపోయింది. సమతలంగా ఉన్న చోట స్టీరింగ్ సూటిగా పెట్టి, ఫెండర్ అంచు నుంచి తాడుకి బరువు కట్టి వేలాడదీయండి. తాడు నుంచి టైర్ గోడకి రెండు వైపులా దూరం కొలిచి చెప్పండి.

మట్టిరోడ్డు_జిమ్నీ
ఎడమ టైర్ కుడిదానికంటే 9 మి.మీ. ఎక్కువ బయటికి ఉంది. అంటే యాక్సిల్ 9 జరిగిందా?

కింగ్‌పిన్
కాదు, నాలుగున్నర. ఒకవైపు నాలుగున్నర బయటికి, ఇంకోవైపు నాలుగున్నర లోపలికి, తేడా 9. పొడవు మార్చుకునే పాన్‌హార్డ్ రాడ్ వేస్తే మధ్యకి తేవచ్చు. రాడ్‌ని బిగించేటప్పుడు బండి బరువు చక్రాల మీద ఉండాలి. గాల్లో వేలాడుతున్నప్పుడు బుష్ బోల్ట్ బిగిస్తే కిందికి దించగానే బుష్ మెలిపడి ఆర్నెల్లలో చిరుగుతుంది. ఆర్మ్ బోల్ట్‌లకీ ఇదే మాట.

అనంతగిరి_రాళ్లు
కోసే ముందు సుద్ద పరీక్ష చేయండి. సుద్ద లేకపోతే తడిపిన ముగ్గుపిండి అయినా సరే, ఇంట్లో దొరుకుతుంది. టైర్ బయటి అంచు, లోపలి అంచు, ట్రెడ్ మీద వేర్వేరు చోట్ల పూయండి. బండిని నాలుగు రకాలుగా నడపండి. ఒకటి, సమతల నేల మీద రెండు వైపులా పూర్తిగా కొట్టి ముందుకి, వెనక్కి, బ్రేక్ వేస్తూ. రెండు, ఎడమ ముందు చక్రం, కుడి వెనక చక్రం ఒక అడుగు ఎత్తున్న రాళ్ల మీద ఎక్కించి. మూడు, దాన్ని తిప్పి కుడి ముందు, ఎడమ వెనక. నాలుగు, రాళ్ల మీద ఉండగానే స్టీరింగ్ మెల్లగా ఒక లాక్ నుంచి ఇంకో లాక్‌కి తిప్పుతూ. పక్కన ఒక మనిషి టార్చ్‌తో వంగి చూడాలి, డ్రైవర్‌తో మాట్లాడుతూ ఉండాలి.

తెల్లటి మరక ఎక్కడ పడిందో అక్కడ ఫోటో తీయండి. మరక ఆకారం కూడా చెప్తుంది. సన్నటి గీత పడితే అంచు మాత్రమే తాకుతోంది, 5 మి.మీ. తీస్తే చాలు. అరచేతి అంత పడితే టైర్ లోపలికి తోస్తోంది, ఫెండర్ లోపలి ప్లాస్టిక్ లైనర్ ఒక్కటే సరిచేస్తే సరిపోదు.

నల్లరేగడి_కర్నూలు
ఎండలో పొడి నేల మీద చేసిన పరీక్ష మా వైపు పనికిరాదు. వానలో నల్లరేగడిలో దిగితే మట్టి టైర్‌కి, లైనర్‌కి మధ్య నిండిపోతుంది. 10 మి.మీ. ఖాళీ ఉంటే అందులో మట్టి ఆరాక అది ఖాళీయే కాదు, రాయి. మర్నాడు ఉదయం బండి కదిలించగానే లైనర్ క్లిప్పులు పటపటా ఊడిపోతాయి. కాబట్టి వెనకవైపు కనీసం 25 ఖాళీ వదలండి. దిగి వచ్చాక తడి ఉండగానే నీళ్లు కొట్టండి.

వెల్డింగ్‌షెడ్
సుద్ద పరీక్ష అయ్యాక పని వరస చెప్తాను, తక్కువ నష్టం నుంచి ఎక్కువ నష్టానికి.

మొదట ముందు చక్రాల వెనక మడ్‌ఫ్లాప్ తీసేయండి. గరగర వచ్చేది సగానికి సగం దానిదే. తీసేసి చూసి, ఇంకా ఉంటేనే లైనర్ దగ్గరికి వెళ్లండి. మడ్‌ఫ్లాప్ పూర్తిగా వదిలేస్తే రాళ్లు ఎగిరి డోర్ పెయింట్ పోతుంది, కాబట్టి పల్చటి రబ్బరు షీట్ కోసి 30 మి.మీ. వెనక్కి జరిపి కట్టుకోండి.

రెండోది లైనర్. క్లిప్పులు తీసి లైనర్‌ని చేత్తో వెనక్కి నొక్కి, దాని వెనక షీట్ మెటల్ దాకా ఎంత ఖాళీ ఉందో వేలుతో చూడండి. ఖాళీ ఉంటే హీట్ గన్‌తో వేడి చేసి జరపొచ్చు. గన్ ఒక చోట ఆపొద్దు, 10 సెం.మీ. దూరం నుంచి అటూ ఇటూ తిప్పుతూ ఉండాలి. ప్లాస్టిక్ మెరుపు మారి మెత్తబడగానే గన్ పక్కన పెట్టి, గుండ్రటి గాజు సీసాతో లోపలికి నొక్కి, తడిగుడ్డ వేసి చల్లారేదాకా పట్టుకోండి. నిమిషం ముందే వదిలితే పాత ఆకారానికి వచ్చేస్తుంది. 160 డిగ్రీల చుట్టుపక్కల ఈ ప్లాస్టిక్ కరిగి బొక్క పడుతుంది, కంగారు వద్దు. జరిపాక పాత క్లిప్ బొక్కలు కలవవు, 10, 15 మి.మీ. పక్కన కొత్తవి వేసి పెద్ద వాషర్‌తో బిగించండి.

లైనర్ వెనక షీట్ మెటల్ మడత అడ్డం వస్తే దాన్ని సుత్తితో చదును చేయొచ్చు. కానీ పెయింట్ పగులుతుంది. పగిలిన చోట ఇనుము కనపడేదాకా రుద్ది, జింక్ ప్రైమర్ రెండు పొరలు, పైన సీలెంట్, పైన అండర్‌కోట్. ఇది వదిలేస్తే ఒక్క వానాకాలంలో తుప్పు లోపలికి పాకుతుంది. లైనర్ మళ్లీ వేస్తారు కాబట్టి అది కనపడదు కూడా.

మట్టిరోడ్డు_జిమ్నీ
బంపర్?

వెల్డింగ్‌షెడ్
చివరిది. సుద్ద మరక పడిన చోటికంటే 15 మి.మీ. ఎక్కువ గీత గీయండి, అంతకంటే వద్దు. ముందు రెండు పొరల మాస్కింగ్ టేప్, దాని మీద అట్టముక్కతో చేసిన మూస పెట్టి గీయాలి. అదే అట్టముక్క తిరగేసి రెండో వైపు గీస్తే రెండూ ఒకేలా వస్తాయి. గ్రైండర్‌కి 1 మి.మీ. కటింగ్ వీల్ వేసి కోస్తే ప్లాస్టిక్ కరిగి అంచు మీద ముద్దగా అంటుకుంటుంది. ఆక్సా బ్లేడ్‌కి ఒక చివర గుడ్డ చుట్టుకుని చేత్తో కోస్తే అరగంట పడుతుంది, అంచు శుభ్రంగా వస్తుంది. నేనైతే బ్లేడే. తర్వాత ఆకురాయితో రుద్ది, మూలలు గుండ్రంగా చేసి, లోపల ఇనప వైరున్న రబ్బరు బీడింగ్ తొడగండి. మూల కోణంగా వదిలితే చీలిక అక్కడే మొదలవుతుంది.

కోసే ముందు బంపర్ వెనకకి చెయ్యి పెట్టి ఫాగ్ లైట్ వైర్ ఎటు పోతోందో చూడండి. క్లిప్ ఊడదీసి పక్కకి కట్టండి.

మారేడుమిల్లి_లోయ
స్టీరింగ్ స్టాపర్ మాట ఎవరూ ఎత్తలేదు. చక్రాన్ని మోస్తూ తిరిగే నకుల్ దగ్గర స్టాపర్ బోల్ట్ ఉంటుంది. దాని కింద 2 మి.మీ. వాషర్ వేస్తే స్టీరింగ్ లాక్ కొంచెం ముందే ఆగుతుంది. స్పేసర్ లేకుండానే ఆర్మ్‌కి తగలకుండా చేసుకోవచ్చు.

కింగ్‌పిన్
మంచి మాట. రెండు వైపులా సమానంగా వేయాలి, ఒక్కోసారి ఒక్క వాషర్, ప్రతిసారీ సుద్ద పరీక్ష. కంపెనీ లెక్కలో మలుపు వ్యాసార్థం 5.7 మీటర్లు, వాషర్ వేసినకొద్దీ అది పెరుగుతుంది. ఇరుకు ఘాట్‌లో హెయిర్‌పిన్ ఒకేసారి తిరిగేది రెండుసార్లు కొట్టాల్సి వస్తుంది. 4 మి.మీ. దాటి నేను వెళ్లను.

ఘాట్‌రోడ్డు_బండి
అయితే బంప్ స్టాప్ పొడిగిస్తే బంపర్ దెబ్బ ఆగుతుందా? మీరే అన్నారు పైకి ఆపేది అదే అని.

కింగ్‌పిన్
ఆగుతుంది. సరైన ప్రశ్న అడిగారు. 20 మి.మీ. పొడిగిస్తే టైర్ 20 తక్కువ పైకి వెళ్తుంది. ఆ మేరకు సస్పెన్షన్ ప్రయాణం పోతుంది, గుంటల్లో స్టాప్ గట్టిగా తగిలి బండి ఎగురుతుంది. పక్‌లు పెట్టిన బండిలో స్ప్రింగ్ పూర్తిగా మూసుకుపోకుండా కాపాడేదీ అదే కాబట్టి ఇక్కడ 20 మంచిదే. దాంతోపాటు చక్రం పూర్తిగా కిందికి వేలాడినప్పుడు బ్రేక్ హోస్, ఏబీఎస్ వైర్ లాగబడుతున్నాయేమో చూడండి. 40 లిఫ్ట్‌లో అది తప్పక చూడాల్సింది.

సాకెట్19
రాళ్ల మీద 18 పీఎస్ఐ కి దింపుతారు కదా, అప్పుడు టైర్ గోడ ఉబ్బి ఆర్మ్ వైపు ఖాళీ తగ్గుతుంది. సుద్ద పరీక్ష రోడ్డు గాలితో ఒకసారి, తగ్గించిన గాలితో ఒకసారి చేయాలి.

హైవే_వణుకు
80 దాటాక స్టీరింగ్ అటూ ఇటూ కొట్టుకోవడం మొదలైంది నా జిమ్నీలో, 30 మి.మీ. స్పేసర్లు. స్పేసరే కారణమా?

కింగ్‌పిన్
కారణం వేరే ఉంటుంది, స్పేసర్ దాన్ని పెద్దది చేస్తుంది. చక్రం బయటికి పోయేకొద్దీ స్క్రబ్ రేడియస్ (నేల మీద కింగ్ పిన్ గీతకీ టైర్ మధ్యకీ ఎడం) పెరుగుతుంది, రోడ్డు మీద ప్రతి దెబ్బా స్టీరింగ్‌కి ఎక్కువ బలంతో వస్తుంది. ముందు టైర్ బ్యాలెన్సింగ్, తర్వాత పాన్‌హార్డ్ బుష్‌లు, తర్వాత కింగ్ పిన్ బేరింగ్‌లు, ఈ వరసలో చూడండి. చక్రాన్ని గాల్లోకి లేపి పైనా కిందా పట్టుకుని ఊపితే కింగ్ పిన్ గానీ హబ్ బేరింగ్ గానీ వదులుంటే చేతికి తెలుస్తుంది. స్టీరింగ్ డ్యాంపర్ కొత్తది వేసి ఊరుకోవద్దు, అది జబ్బుని కప్పిపెడుతుంది.

మెల్‌బోర్న్_తెలుగు
ఇక్కడ ఆస్ట్రేలియాలో కంపెనీ వేయని స్పేసర్లు రోడ్డు మీద వాడనివ్వరు. అందుకని జిమ్నీలకి ఆఫ్‌సెట్ మార్చిన రిమ్ములే వేస్తారు. ట్రాక్ మొత్తం మీద ఎంత పెరగొచ్చో దానికీ పరిమితి ఉంది.

సిగ్నల్_లెఫ్ట్
మన దగ్గర మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 చూడండి. ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన నిర్దేశాలకి భిన్నంగా ఉండేలా బండి మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన 182ఏ ప్రకారం ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, లేదా ఆర్నెల్ల దాకా జైలు, లేదా రెండూ. యాక్సిడెంట్ అయితే బీమా సర్వేయర్ మొదట చూసేది ఇలాంటివే. బీమా కంపెనీకి ముందే రాతపూర్వకంగా చెప్పి జవాబు దాచుకోండి.

నల్లరేగడి_కర్నూలు
పక్కన నడిచేవాళ్ల సంగతి కూడా చూడండి. టైర్ 40 బయటికి వచ్చాక బురద నేరుగా వాళ్ల మీదే పడుతుంది. చక్రం పైన ఫెండర్ అంచుకి ఉండే ఫ్లేర్ వెడల్పు చేయించండి.

రిమ్ముకొలత
మట్టిరోడ్డు గారూ, మీ టైర్లు కొత్తవి కాబట్టి అవి ఉంచుకోవాలనుకుంటే స్పేసర్లు తీసేసి 15×6, ఆఫ్‌సెట్ −10 రిమ్ములు చూడండి. 6 మీద టైర్ 230 ఉంటుంది. లెక్క వేస్తే బయటికి 32.5, ఇప్పుడున్న 40 కంటే 7.5 తక్కువ. లోపలివైపు కంపెనీ టైర్ కంటే 2.5 మాత్రమే లోపలికి. ఆర్మ్ దగ్గర తగిలితే స్టాపర్ కింద 2 మి.మీ. వాషర్. రిమ్, టైర్ పరిధిలోకి వస్తాయి, చక్రం వెనక దాక్కున్న ఇరవై నట్ల బాధ ఉండదు.

లేదంటే 215/75 ఆర్15. వ్యాసం 703.5, కంపెనీదానికంటే పదిన్నర మి.మీ. మాత్రమే ఎక్కువ. అయిదున్నర రిమ్‌కి సరిపోతుంది, స్పేసరే అక్కర్లేదు. ఆఫ్‌రోడ్‌లో 15 మి.మీ. ఎత్తు పోతుంది, మిగతా అన్నీ తేలికవుతాయి. 235 తో ఇంజిన్ మీద భారం కూడా ఉంది. ఘాట్ ఎక్కేటప్పుడు ఒక గేర్ కిందికి దిగాల్సి వస్తుంది, మీటర్ 80 చూపించినప్పుడు చక్రాలు తిరిగే లెక్కలో దాదాపు 85 అవుతుంది.

మట్టిరోడ్డు_జిమ్నీ
ఇవాళ చక్రాలు తీయించాను. ముందు ఎడమ స్పేసర్‌లో రెండు నట్లు 100 కి కాదు, 50 కే తిరిగిపోయాయి. హబ్ ముఖం మీద గోధుమరంగు పొర ఉంది, రుద్దేశాను. మధ్య బొక్క 108 సరిగ్గానే ఉంది, ఊగలేదు. స్టడ్‌లు స్పేసర్ ముఖానికి 2 మి.మీ. లోపలే ఉన్నాయి.

సుద్ద పరీక్ష కూడా చేశాను. ఎడమ లాక్‌లో మడ్‌ఫ్లాప్ లోపలి మూల, దాని పైన లైనర్ మీద వేలెడు పొడవు సన్నటి గీత. బంపర్ వెనక అంచు మీద రూపాయి బిళ్ల అంత మరక, అది కూడా ఎడమ చక్రం రాయి మీద పూర్తిగా నొక్కుకుని స్టీరింగ్ పావు వంతు ఎడమకి తిప్పినప్పుడే. కుడివైపు బంపర్‌కి తగలనే లేదు. ఆర్మ్ దగ్గర 18 పీఎస్ఐ లో కూడా చూపుడువేలు దూరుతోంది.

వెల్డింగ్‌షెడ్
రూపాయి బిళ్ల అంతేనా? అయితే బంపర్ కోయొద్దు. పాన్‌హార్డ్ సరిచేస్తే ఎడమవైపు నాలుగున్నర లోపలికి వస్తుంది, బంప్ స్టాప్ 20 కలిపితే ఆ మరక ఉండదు. మడ్‌ఫ్లాప్ తీసి లైనర్ వేడి చేసి జరపండి, గరగర పోతుంది.

టార్క్‌పానా
ఆ రెండు నట్లున్న చోట స్టడ్‌లని జాగ్రత్తగా చూడండి. నట్టు చేత్తో చివరిదాకా పట్టు లేకుండా ఎక్కాలి. మధ్యలో బిగుసుకుంటే స్టడ్ సాగింది, మార్చేయండి. ఒకటి సాగితే దాని పక్క రెండూ మార్చడం నా పద్ధతి, ఎందుకంటే అన్నాళ్లూ దాని బరువు మోసింది అవే. స్పేసర్ సొంత స్టడ్‌లు కూడా చూడండి, వెనకనుంచి నొక్కి కూర్చోబెట్టినవి వదులై తిరుగుతుంటే ఆ స్పేసర్ పారేయాల్సిందే.

మట్టిరోడ్డు_జిమ్నీ
ఒక స్టడ్‌లో నట్టు సగంలో బిగుసుకుంది. మూడూ మార్పిస్తున్నాను. 15×6 రిమ్ములు దొరికేదాకా స్పేసర్లతోనే నడపనా, లేక తీసేసి పాత 195 లు వేసుకోనా?

టార్క్‌పానా
పాతవి ఇంట్లో ఉంటే వేసుకోండి. స్పేసర్లు విప్పేటప్పుడు ఏ చక్రానిది ఏదో మార్కర్‌తో రాసి పెట్టండి. పాత 195 లు వేసినా పక్‌ల పని మిగిలే ఉంది. పాన్‌హార్డ్, క్యాస్టర్ సరిచేయకుండా హైవే ఎక్కొద్దు.

సాకెట్19
స్టెప్నీ కూడా చూసుకోండి. 235 దే వెనక తలుపు మీద పెట్టి ఉంటే బంపర్‌కి ఎంత ఎడం ఉందో వేలు పెట్టి చూడండి, వ్యాసార్థం 20 పెరిగింది కదా.

మట్టిరోడ్డు_జిమ్నీ
చూశాను. కాగితం కూడా దూరట్లేదు, బంపర్ మీద రబ్బరు మరక ఉంది. పాతదే పెట్టేస్తున్నాను.